ఆశ్రయము మాత్రమే చాలునా?

బుద్ధివికాసము మందముగానున్న బిడ్డను పెంచు తలిదండ్రులను రాత్రింబవళ్లు వేధించు ప్రశ్న యొక్కటే: "మా తరువాత వీని గతి యేమి?" ఓపిక యున్నంతకాలము వారే ఆ బిడ్డకు అన్నము తినిపింతురు, స్నానము చేయింతురు, వాని అస్పష్టమైన మాటలను ఇతరులకు విప్పిచెప్పుదురు. వార్ధక్యము పైబడినప్పుడు వసతి గృహముల వంక చూడక తప్పదు. అప్పుడు వారు సాధారణముగా అడుగునవి మూడు ప్రశ్నలు: భవనము శుభ్రముగా నున్నదా? భోజనము వేళకు పెట్టుదురా? రాత్రి కావలి యుండునా? ఇవి అవసరమైన ప్రశ్నలే, కాని చాలవు. ఆకలి తీరియు, తలపై కప్పుండియు, బ్రతుకు లేని స్థితి యొకటి కలదు. దానిని గుర్తించుట యెట్లు? పూర్వము బుద్ధిమాంద్యమనియు, నేడు మేధోవైకల్యమనియు వ్యవహరింపబడు ఈ స్థితి గలవారి వసతిని గూర్చి గడచిన 60 ఏండ్లకు పైబడి జరిగిన పరిశోధనలు ఈ విషయమున మంచి వెలుగు నిచ్చినవి.

పెద్ద సంస్థల పాఠము

ఐరోపా, అమెరికా దేశములలో ఇట్టివారిని వందలు, వేలుగా ఒక్కచోట జేర్చి పోషించు పద్ధతి చిరకాలము సాగెను. దాని పరిణామమునకు న్యూయార్క్ నగరమందలి విల్లోబ్రూక్ సంస్థ నిదర్శనము. 1947లో తెరువబడిన ఆ సంస్థ 4,000 మందికి ఉద్దేశింపబడినది. 1960 దశకపు నడుమ నాటికి అందు 6,000 మంది కిక్కిరిసియుండిరి. 1972లో అచటి దుస్థితి టెలివిజన్ ద్వారా లోకమునకు వెల్లడియయ్యెను. నివాసుల తలిదండ్రులు న్యాయస్థానము నాశ్రయింపగా, 1975లో ఉభయపక్షముల అంగీకారముతో తీర్పు వెలువడెను. నివాసులు క్రమముగా చిన్న గృహములకు తరలింపబడిరి. 1987లో ఆ సంస్థ మూతపడెను.

ఒక ప్రయోగము

దోషమంతయు జనసమ్మర్దమునదేనా, లేక పెంపకపు తీరునది కూడనా? ఇంగ్లాండులో జాక్ టిజార్డ్ అను మనశ్శాస్త్రవేత్త దీనిని పరీక్షించెను. 1958లో లండన్ నగరమందలి ఫౌంటెన్ ఆసుపత్రినుండి 16 మంది పిల్లలను సర్రే మండలమందలి బ్రూక్‌లాండ్స్ అను గృహమునకు తరలించిరి. వారితో సమానస్థితి గల మరి 16 మంది ఆసుపత్రియందే యుండిరి. బ్రూక్‌లాండ్స్‌లో పిల్లలను చిన్న బృందములుగా విభజించి, ఒక్కొక్క బృందమును కొలదిమంది పరిచారికలకే అప్పగించిరి. ఆటయు, మాటయు దినచర్యలో భాగములయ్యెను. రెండేండ్ల పిమ్మట పరీక్షింపగా, ఆసుపత్రి పిల్లలకు భాషకు సంబంధించిన మానసిక వయస్సు సగటున 6 నెలలు పెరుగగా, బ్రూక్‌లాండ్స్ పిల్లలకు 14 నెలలు పెరిగెను. పిల్లలు అట్టివారే, మారినది పెంపకము.

నాలుగు లక్షణములు

అటుపిమ్మట రాయ్ కింగ్, నార్మా రేన్స్ అనువారితో కలిసి టిజార్డ్ 1971లో ఒక గ్రంథమును వెలువరించెను. మంచి గృహమును చెడ్డ గృహమునుండి వేరుచేయుటకు వారు నాలుగు లక్షణములను ఎంచుకొనిరి.

మొదటిది దినచర్యయందలి బిగువు. పనిదినమైనను సెలవుదినమైనను అందరును ఒకే గడియకు లేవవలసినదేనా?

రెండవది మూకుమ్మడి వ్యవహారము. స్నానమునకు, భోజనమునకు, మరుగుదొడ్డికి అందరిని వరుసలో నిలిపి వేచియుండజేయుదురా?

మూడవది వ్యక్తిత్వమును చెరపుట. తనదనదగిన చొక్కాయు, తనదనదగిన వస్తువును, వానిని దాచుకొనుటకు చోటును ఒక్కొక్కరికి కలవా? లేక ఉతికివచ్చిన మూటలో చేతికి దొరికినదానిని తొడిగింతురా?

నాలుగవది ఎడము. పరిచారకులు నివాసులతో కూర్చుండి భుజింతురా, లేక వారి పంక్తియు, గదియు వేరా?

ఈ పరిశీలనలో ఒక ముఖ్యవిషయము తేలినది. గృహములో ఎంతమంది కలరను లెక్క మంచిచెడ్డలను నిర్ణయింపలేదు. గృహమును నడుపువారికి స్వయముగా నిర్ణయించుకొను స్వేచ్ఛ యుండి, వారు కాగితముల నడుమ గాక పిల్లల నడుమ కాలము గడపిన చోట్ల పోషణ మెరుగుగా నుండెను. పిల్లల పెంపకమున శిక్షణ పొందినవారు పిల్లలతో ఎక్కువగా మాటలాడుచుండిరి.

చిన్నదైనంత మాత్రమున మంచిది కాదు

ఈ సత్యమును తరువాతి కాలము కఠినముగా నిరూపించెను. ఇంగ్లాండులోని బ్రిస్టల్ సమీపమున వింటర్‌బోర్న్ వ్యూ అను ప్రయివేటు ఆసుపత్రి 24 పడకలది మాత్రమే. 2011లో బి.బి.సి. రహస్యముగా తీయించిన చిత్రములను ప్రసారము చేయగా, సిబ్బంది నివాసులను కొట్టి హింసించుట బయటపడెను. ఆ సంవత్సరమే అది మూతపడెను. 2012లో 11 మంది సిబ్బంది శిక్షింపబడిరి.

హింస లేనిచోట సయితము నిర్జీవత యుండవచ్చును. చక్కని చిన్న గృహములో నివాసి దినమంతయు గోడవంక చూచుచు కూర్చుండుట పరిశోధకులు పలుమార్లు గమనించిరి. దీనికి విరుగుడుగా జిమ్ మాన్సెల్ ప్రభృతులు బ్రిటన్‌లో ఒక పద్ధతిని అభివృద్ధి చేసిరి. "వాని కొరకు చేయుట"కు బదులు "వానితో కలిసి చేయుట" అనునదే దాని సారము. వంటయింటిలో పప్పు వండుచున్నారనుకొందము. పప్పు కడుగుట, నీరు పోయుట, ఉప్పు వేయుట, కలియబెట్టుట: ఇట్లు ఆ పని అనేక చిన్న పనులుగా విడిపోవును. ఒకనికి మాట చాలును. ఒకనికి సైగ కావలెను. మరియొకనికి చేసి చూపవలెను. వేరొకని చేతిమీద చేయి వేసి నడిపింపవలెను. అవసరమునకు మించి సహాయపడినచో వాని పనిని అపహరించినట్లగును. తక్కువ పడినచో వానిని ఓటమికి విడిచినట్లగును. మాటలు రానివాని ఎదుట రెండు చొక్కాలుంచి, వాని చూపు దేనిపై నిలుచునో కనిపెట్టుటయు ఈ సహాయములోనిదే. దీనికి ధనముకన్న ఓర్పు ఎక్కువగా కావలెను.

మన దేశమున

సికిందరాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ మేధోవైకల్యము గలవారి సేవకు వలసిన ఉపాధ్యాయులకు, కార్యకర్తలకు శిక్షణ నిచ్చుచున్నది. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టము తలిదండ్రుల అనంతరము సంరక్షకుని నియమించుటకు మార్గమేర్పరచెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వీరికి సమాజమధ్యమున జీవించు హక్కు కలదని ప్రకటించెను. చట్టము తలుపు తెరచును; లోపలి దినచర్యను మార్చవలసినవారు మనుష్యులే.

తెలుగునాట పుట్టినదినములకు, పెద్దల తిథులకు ఇట్టి గృహములలో అన్నదానము చేయించు ఆచారము కలదు. అది సద్భావముతో పుట్టినదే. కాని నివాసులందరిని వరుసగా కూర్చుండబెట్టి, దాతలు వచ్చువరకు ఆకలితో నిరీక్షింపజేసి, పిదప ఫొటోలు తీయించుట పైన చెప్పిన రెండవ లోపమునకు, మూడవ లోపమునకు తావిచ్చును. దాత తాను కూడ వారి పంక్తిలోనే కూర్చుండి భుజించిన నాలుగవ లోపము కొంత తొలగును. అంతకన్న మేలు, ఒక్కొక్కరికి తాళముగల చిన్న పెట్టె నిచ్చుట. పరిచారకుల శిక్షణకు, వారు విడిచిపోకుండునట్లు తగిన జీతమునకు తోడ్పడుట. ఏడాదికి మూడుమార్లు పరిచారకులు మారు ఇంట, నివాసి సైగలను నేర్చుకొనువారెవరు?

కావున బిడ్డను చేర్పింపదలచినవారు భవనమును చూచినపిమ్మట వంటయింటి ద్వారమున ఒక గంట నిలువవలెను. అచట నివాసుల చేతులకు పని కలదా, వారిని పేరుతో పిలుచుచున్నారా, "వద్దు" అని తల యూపినవానిని మన్నించుచున్నారా అని గమనింపవలెను. ముందుగా తెలుపక, వేరువేరు వేళలందు మరల మరల పోవలెను. బిడ్డను చేర్పించిన తరువాత సయితము ఆ రాకపోకలు మానరాదు.