కోటలో నీళ్ళు మోసిందెవరు?

ఒమన్‌లో ఉద్యోగాలు చేసుకునే తెలుగువాళ్ళకు కోటలు కొత్త కాదు. ఊరి నుంచి చుట్టాలొస్తే నిజ్వా కోట, ముత్రా కార్నిష్, సూర్ పడవలు చూపిస్తాం, హల్వా డబ్బాలు కట్టించి విమానం ఎక్కిస్తాం. అవే చోట్లను ఇంకో పని మీద ఎలా చూడొచ్చో ఇక్కడ చెబుతాను. ఇంటి చరిత్ర రాసుకోవడమే ఆ పని. అందులోనూ మన పెద్దలు ఎవరిచేత చాకిరీ చేయించుకున్నారు, వాళ్ళకేం పెట్టారు అన్న భాగం. ఈ భాగాన్ని ఏ ఇంట్లోనూ ఎవరూ తమంతట తాము చెప్పరు.

దీనికో పద్ధతి ఉందని చూపించింది జర్మన్లు. 1933 మార్చిలో నాజీలు తెరిచిన డాఖావ్ శిబిరం 1965 నుంచి స్మారకస్థలం. స్కూలు పిల్లలను అక్కడికి తీసుకెళ్తారు. అయితే అసలు కష్టం ఇంటి గుమ్మం దగ్గర మొదలవుతుంది. హరాల్డ్ వెల్జర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు జర్మన్ కుటుంబాల్లో మూడు తరాలను కూర్చోబెట్టి మాట్లాడించి 2002లో ఒక పుస్తకం వేశారు. తాత చెప్పిన కథ మనవడి నోటికి వచ్చేసరికి తాత మంచివాడైపోతున్నాడని, కొన్నిచోట్ల వీరుడే అయిపోతున్నాడని వాళ్ళకు తేలింది. పిల్లలు కావాలని అబద్ధమాడటం లేదు, ప్రేమ కొద్దీ కథను సరిదిద్దుకుంటున్నారు. అందుకే అక్కడ పట్టుదల ఉన్నవాళ్ళు ముందు ఫెడరల్ ఆర్కైవ్స్‌కు అర్జీ పెట్టి, తాత పేరున పార్టీ సభ్యత్వ కార్డు ఉందేమో వెతికిస్తారు. ముందు కాగితం, తర్వాత పెద్దవాళ్ళ మాట, చివరికి చోటు. ఈ వరసను నేను అక్కడి నుంచే తీసుకున్నాను.

కాబట్టి మొదటి పని ఇంట్లో కాగితాలు వెతకడం. మాది తెలంగాణ పల్లె. మా ముత్తాత గడీలో, అంటే దొర కోటింట్లో, గుమాస్తా. ఆయన ట్రంకు పెట్టెలో సర్కారు కాగితాలన్నీ ఉర్దూలో, గడీ లెక్కలు తెలుగులో ఉన్నాయి. సెలవుకు వెళ్ళినప్పుడు ప్రతి కాగితాన్నీ పగటి వెలుతురులో, వెనకా ముందూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మడతలు బలవంతంగా విప్పొద్దు, చిరిగిపోతాయి. తేదీలు ఫసలీలో ఉంటాయి. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1355 ఫసలీ అంటే 1945-46. గొలుసుకట్టు ఉర్దూ చదవగలిగేవాళ్ళు మన ఊళ్ళలో తగ్గిపోయారు కానీ మస్కట్‌లో దొరుకుతారు. పాతబస్తీ నుంచి వచ్చిన సహోద్యోగి ఉంటే ఆయన్ని అడగండి. మా కాగితాలు చదివి పెట్టింది అలాంటి పెద్దమనిషే.

ఆ పెట్టెలో నన్ను ఆపేసిన కాగితం మాత్రం తెలుగుదే. గడీ ఆడపిల్ల పెళ్ళికి పంపిన సామాను జాబితా. ముత్తాత చేతిరాత ముత్యాలకోవ. ఇత్తడి బిందెలు, గంగాళాలు, పట్టెమంచం, పరుపులు, ఆవులు, దూడలు. గంగాళాలకూ పట్టెమంచానికీ నడుమ ఒక పంక్తి: ‘ఆడబాపలు ఇద్దరు’. పెళ్ళికూతురి వెంట అత్తారింటికి చాకిరీకి పంపే ఆడపిల్లలు వాళ్ళు. జన్మంతా అక్కడే. ఆవుల రంగులు రాశాడు, బిందెల తూకాలు రాశాడు, ఆ ఇద్దరి పేర్లు రాయలేదు.

ఆ పంక్తితోనే ఒమన్ నాకు వేరేగా కనిపించడం మొదలైంది. సయ్యిద్ సయీద్ బిన్ సుల్తాన్ 1856లో చనిపోయేనాటికి మస్కట్, జాంజిబార్ ఒకే ఏలుబడిలో ఉండేవి. తూర్పు ఆఫ్రికాలో పట్టుకొచ్చిన మనుషులను జాంజిబార్ లవంగ తోటలకు, ఒమన్ ఖర్జూరపు తోటలకు, గల్ఫ్‌లో ముత్యాలు తీసే పడవలకు అమ్మేవారు. 1873 ఏప్రిల్‌లో మస్కట్ సుల్తాన్ తుర్కీ బ్రిటిష్ దూత బార్టిల్ ఫ్రేర్‌తో ఒప్పందం చేసుకుని ఈ వ్యాపారాన్ని నిషేధించాడు. జూన్‌లో జాంజిబార్ బానిసల సంత మూతపడింది. ఇళ్ళల్లో, తోటల్లో మాత్రం బానిసత్వం ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది. చట్టపరంగా పూర్తిగా పోయింది 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాకే.

ఇది అరబ్బుల కథ, మనకేం సంబంధం అనుకోవద్దు. జాంజిబార్ రేవు సుంకాలు దశాబ్దాలపాటు గుత్తకు పట్టింది కచ్ నుంచి వచ్చిన జైరాం శివ్‌జీ కొఠీ. అక్కడ భారతీయుల చేతుల్లో ఉన్న వేలమంది బానిసలను 1860 ప్రాంతంలో బ్రిటిష్ కాన్సల్ రిగ్బీ విడిపించాల్సి వచ్చింది. మన హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అన్న పేట పేరులోని ‘ఏసీ’ నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళాన్నే గుర్తుచేస్తుంది.

రెండో పని, కారు తీయకముందే చదువుకోవడం. ఖతర్ డిజిటల్ లైబ్రరీ అని ఇంటర్నెట్‌లో ఉంది. బ్రిటిష్ లైబ్రరీలోని గల్ఫ్ దస్తావేజులను 2014 నుంచి అందులో పెడుతున్నారు, పైసా ఖర్చు లేదు. అందులో బానిసల విడుదల అర్జీలున్న ఫైళ్ళు వెతకండి. పారిపోయి బ్రిటిష్ కచేరీకి చేరినవాళ్ళ వాంగ్మూలాలు అవి. మస్కట్ కాన్సులేట్ ఆవరణలో జెండా కొయ్యను పట్టుకుంటే చాలు, విడుదల దొరుకుతుందని నమ్మకం ఉండేది. వాంగ్మూలాలు చిన్నవి, చాలావరకు ఒక్క పేజీ. పేరు, వయసు సుమారు ఇంత, పుట్టింది ఫలానా చోట, ఎవరు ఎత్తుకొచ్చారు, ఎవరికి అమ్మారు, ఇప్పుడేం కోరుతున్నారు. చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. అవి గుమాస్తా రాసిన మాటలు, దుబాసీ నోట దాటి వచ్చిన మాటలు. అయినా పేరుంది. మా ముత్తాత జాబితాలో లేనిది అక్కడుంది. కనీసం పది చదివి, పేర్లూ ఊర్లూ నోటుబుక్కులో రాసుకున్నాకే బయల్దేరండి.

నోటుబుక్కు పొడుగుది కొనండి. ఎడమ పేజీలో కాగితం ఏం చెప్పిందో, కుడి పేజీలో మనుషులు ఏం చెప్పారో రాయాలి. చోట్ల దగ్గర మీరు కళ్ళతో చూసింది వెనకవైపు నుంచి మొదలుపెట్టి వేరుగా రాసుకోండి. మూడూ కలిపేస్తే ఏది రుజువో ఏది మన ఊహో మనకే తెలియకుండా పోతుంది.

మన ఊరి చోటు చివరికే అయినా, చూడటం అలవాటు కావడానికి ముందు మస్కట్ పాత రేవు నుంచి మొదలుపెట్టాలి. మిరానీ, జలాలీ కోటలు రెండూ 1580ల్లో పోర్చుగీసువాళ్ళు కట్టించినవి. వాటి నడుమ రేవు, ఒడ్డున అల్ ఆలం రాజభవనం. ఆనాటి కాన్సులేట్ ఈ ఒడ్డునే ఉండేది. జలాలీ 1970ల దాకా జైలు. లోపలికి వదులుతారో లేదో ముందే కనుక్కోండి, వదలకపోయినా ఒడ్డున నిలబడితే సరిపోతుంది. రేవు ఎంత ఇరుకో చూడండి. పారిపోయి వచ్చినవాళ్ళకు ఒకవైపు కొండలు, ఒకవైపు సముద్రం, మధ్యలో యజమాని మనుషులు. ఆ జెండా దాకా చేరడమంటే ఏమిటో అక్కడ తెలుస్తుంది.

సూర్ ఇంకో రోజు పెట్టుకోండి. కురియాత్ మీదుగా దాదాపు 200 కిలోమీటర్లు. అక్కడ 1951లో కట్టిన ఫతహ్ అల్ ఖైర్ అనే ఓడను ఒడ్డుకెక్కించి భద్రంగా ఉంచారు. దాని చుట్టూ తిరిగి, ఇలాంటి పడవ అడుగున మనిషి పడుకుంటే తల ఎత్తడానికి చోటెంత ఉంటుందో కంటితో కొలవండి. ఆ ఓడ బానిసలను మోసిందని నేననడం లేదు. దానికంటే ముందు తరాల సూర్ పడవలు మోశాయి. కొన్ని పడవలు బ్రిటిష్ తనిఖీలు తప్పించుకోవడానికి ఫ్రెంచి జెండా కట్టుకునేవి. ఆ తగాదా హేగ్ పంచాయతీకెక్కి 1905లో తీర్పు వచ్చింది.

నిజ్వా కోటను 17వ శతాబ్దంలో ఇమామ్ సుల్తాన్ బిన్ సైఫ్ కట్టించాడు. అందరూ బురుజెక్కి ఊరు చూస్తారు. మీరు ఖర్జూరం కొట్టు దగ్గర ఆగండి. నేల మీద వరసగా గాడులుంటాయి. బస్తాలు ఒకదానిమీదొకటి పేర్చితే బరువుకు పాకం కారి ఆ గాడుల వెంట కుండలోకి చేరేది. దాన్నే మరగబెట్టి గుమ్మం పైనున్న కంతల్లోంచి శత్రువుల మీద పోసేవారు. గైడ్లు ఈ పోయడం గురించి ఉత్సాహంగా చెబుతారు. బస్తాలు మోసిందెవరు, బావిలో నీళ్ళు చేదిందెవరు అన్నది అడిగితేగాని చెప్పరు. మర్యాదగా అడగండి. అయితే ఒమనీ సహోద్యోగినో, తోటలో పనిచేస్తున్న ముసలాయన్నో ‘మీ పూర్వులు ఆఫ్రికా నుంచి వచ్చారా’ అని ఎప్పుడూ అడగొద్దు. మన ఊళ్ళో ముక్కూ మొహం తెలియనివాడొచ్చి కులం అడిగితే ఎలా ఉంటుందో ఇదీ అంతే. వాళ్ళంతట వాళ్ళు చెబితే వినండి.

సెలవు దొరికితే దోహా వెళ్ళి బిన్ జల్మూద్ ఇల్లు చూడండి. 2015లో దాన్ని బానిసత్వ మ్యూజియంగా తెరిచారు. జాంజిబార్‌లో సంత ఉన్నచోట చర్చి కట్టారు. దాని పక్కన గోతిలో, మెడలకు గొలుసులతో నిలబెట్టిన శిల్పాలున్నాయి.

పెద్దవాళ్ళకు ఫోన్ చేయడం ఇదంతా అయ్యాకే. దానికి ముందు సల్మా ఆత్మకథ ఒకసారి తిరగెయ్యండి. సయ్యిద్ సయీద్ కూతురు ఆమె. జర్మన్ వర్తకుణ్ణి పెళ్ళాడి హాంబుర్గ్ వెళ్ళిపోయి, ఎమిలీ రూయెటె పేరుతో 1886లో తన కథ అచ్చువేసింది. పరాయి దేశంలో ఒంటరిగా పిల్లల్ని పెంచిన మనిషి, చదువుతుంటే గుండె కరుగుతుంది. ఆ పుస్తకంలోనే తన వాళ్ళ బానిసత్వాన్ని వెనకేసుకొచ్చింది. హాంబుర్గ్‌లో 2019లో ఒక కూడలికి ఆమె పేరు పెట్టి, ఆ రాతలు చర్చకొచ్చాక వెనక్కి తీసుకున్నారు. ఆమె వాదన నాకు కొత్తగా అనిపించలేదు. మా మేనత్త మాట కూడా ఇంచుమించు అదే.

‘అత్తమ్మా, గడీల నీళ్ళెవరు మోస్తుండిరి?’ అని అడిగాను.

‘ఆడబాపలు మోస్తుండిరి. ఇంకెవరు మోస్తరు?’

‘వాళ్ళకేం ఇస్తుండిరి?’

‘ఇచ్చుడేంది బిడ్డా, ఇంటోళ్ళే గద. అన్నం పెడుతుండిరి, పాత చీరలిస్తుండిరి. మంచిగనే చూసుకున్నరు.’

‘ఇంటోళ్ళయితే పెండ్లి చేసిండ్రా?’

చాలాసేపు మాట లేదు. తర్వాత ఒక పేరు చెప్పింది. ఆమెకు పెళ్ళి కాలేదని, బిడ్డ పుట్టిందని, ఆ బిడ్డ తండ్రెవరో ఊరందరికీ తెలుసని చెప్పింది. మా ముత్తాతకూ తెలుసట. లెక్కల్లో మాత్రం ఎక్కడా రాయలేదు.

ఇలా అడగాలి. ‘వెట్టి ఉండేదా’ అని అడిగితే ‘మా ఇంట్ల లేదు’ అంటారు. నీళ్ళెవరు తెచ్చారు, పేడెవరు ఎత్తారు, కచ్చడం వెనక ఎవరు ఉరికారు, జ్వరమొస్తే ఎవరు చూశారు అని పనుల గురించి అడిగితే పేర్లు వస్తాయి. వాదించొద్దు. చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే కుడి పేజీలో రాసుకోండి.

తర్వాత సెలవులో హైదరాబాద్ తార్నాకలో ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్‌కు, తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళండి. 1954-55 ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులో పట్టాదారు పేరు ఒక గడిలో, సాగు చేసేవాళ్ళ పేరు ఇంకో గడిలో ఉంటాయి. మీ ఇంటి భూమిని ఎవరు దున్నారో అక్కడ తేలుతుంది. నిజాం సర్కారు 1936లో భగేలా ఒప్పందాల మీద, అంటే అప్పు కింద మనిషిని చాకిరీకి కట్టేసే ఒప్పందాల మీద, చట్టం చేసింది, జాగీర్లు 1949లో రద్దయ్యాయి, వెట్టిని దేశమంతటా నిషేధించిన చట్టం 1976లో వచ్చింది. మీ ఇంటి తేదీలను వీటి పక్కన పెట్టి చూడండి. మా ఊళ్ళో చట్టం వచ్చిన ఏడూ చాకిరీ ఆగిన ఏడూ ఒకటి కావు.

గడీని ఆఖరున చూడాలి. దోమకొండ కోటలాగా బాగుచేసుకున్నవి కొన్నే, మిగతావి చాలావరకు కూలిపోయాయి. 1946 జులైలో కడవెండిలో తెలంగాణ రైతాంగ పోరాట అమరుడు దొడ్డి కొమరయ్య మీద కాల్పులు జరిగింది విసునూరు దేశ్‌ముఖ్ గడీ బయటే. ఆయన కథ అందరికీ తెలుసు, గడీ లోపల చాకిరీ చేసినవాళ్ళ కథే తెలియదు. మీ ఊరి గడీలో దర్వాజా, దేవిడీ చూశాక వెనక్కి వెళ్ళి బావి, వంటిల్లు, పశువుల కొట్టం చూడండి. ఆడబాపలు ఎక్కడ పడుకునేవాళ్ళో అడగండి. మా ఊళ్ళో చూపించిన చోటు వడ్లగుమ్మి కింద అరుగు. గోడకు చిమ్నీ మసి ఇంకా ఉంది.

చాకిరీ చేసినవాళ్ళ మనవలు ఊళ్ళోనే ఉంటే, వాళ్ళింటికి మీరే వెళ్ళాలి, మీ ఇంటికి పిలిపించుకోకూడదు. క్షమాపణ పేరుతో వాళ్ళను ఇబ్బంది పెట్టొద్దు, కెమెరా తీసుకెళ్ళొద్దు. మీ దగ్గరున్న కాగితాల నకళ్ళు ఇవ్వండి. వాళ్ళ భూమి తగాదాకు ఆ పహాణీ పనికొచ్చినా రావచ్చు. పేరు రాయొచ్చా అని అడగండి. మేనత్త చెప్పిన పేరు నా నోటుబుక్కులో ఉంది, ఇక్కడ రాయకపోవడానికి కారణం ఆమె మనవరాలు వద్దనడమే.

మస్కట్, సొహార్, సలాలాల్లో ఉన్న మన తెలుగువాళ్ళలో దొరల ఇళ్ళవాళ్ళు, పటేళ్ళ ఇళ్ళవాళ్ళు, గుమాస్తాల ఇళ్ళవాళ్ళు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మీ పెట్టెల్లోని జాబితాలను చెదలకు వదలొద్దు, పాత పేపర్లతో కలిపి తూకానికి వెయ్యొద్దు. ఫొటోలు తీసి ఒక నకలు తార్నాకకు, ఒక నకలు ఆ ఊరి బడికి ఇవ్వండి. పేర్లు చెప్పగలిగే అత్తమ్మలు ఎనభై దాటారు. ఈ శుక్రవారమే పని మొదలుపెట్టండి.