వ్రాసిన దానిని మరల చదువుట

చదువవలసిన వాక్యభాగములు: ఎస్తేరు 2:21–23, 6:1–11, యెహోషువ 4:1–7, 2 తిమోతి 4:13.



శనివారము సాయంకాలమున పావుగంటసేపు కూర్చుండి, గడచిన వారమును జ్ఞాపకము చేసికొని, నాలుగు మాటలు పుస్తకములో వ్రాసికొను అలవాటు మాకు సెమినరీ దినములనుండి ఉన్నది. విన్నదేమి, చదివినదేమి, తప్పినదేమి, ఎవరికి ఏ మాట యిచ్చితిమి అని వ్రాసెదము. ఇది మంచి అలవాటని మీకును పలుమారులు బోధించితిమి. అయితే అందులోని మా లోపమును మాకు చూపినది అక్షరము రాని ఒక సహోదరి. ఈ నెల పాఠము ఆమెవలన నేర్చుకొన్నది.

1. మరపు

మరపు అందరికిని కలదు. చెరసాలలో యోసేపు తనకు చేసిన మేలును పానదాయకుల అధిపతి రెండు సంవత్సరములు మరచియుండెను (ఆదికాండము 40:23, 41:1). హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు అర్థములేని అక్షరముల వరుసలను తానే వల్లెవేసి, ఎంతసేపటికి ఎంత మరచుచున్నాడో కొలిచి, 1885లో ఒక గ్రంథము ప్రకటించెను. గంటలోపల సగముకంటె ఎక్కువయు, ఒక దినమునకు దాదాపు మూడింట రెండు వంతులును పోయెను. పిమ్మట మరపు నెమ్మదించెను. మరల వల్లెవేసినప్పుడు మొదటికంటె తక్కువ శ్రమతో వచ్చెను.

అర్థముగల మాట అంత త్వరగా పోదు. అయినను ఆదివారము విన్న ప్రసంగములో సోమవారము చేనికి పోవునప్పటికి ఎంత మిగులునో మనకు తెలియును. దీనికి మందు కొత్త ప్రసంగము కాదు. విన్నదానినే మరల తలంచుకొనుట.

2. తెరవని గ్రంథము

మొర్దెకై రాజు ప్రాణము కాపాడెను. ఆ సంగతి రాజ్యపు గ్రంథములో వ్రాయబడెను. వ్రాసి మూసిరి. నిద్రపట్టని ఒక రాత్రి అహష్వేరోషు దానిని తెప్పించి చదివించుకొనినప్పుడే, ఇతనికి ఏమి మేలు చేసితిమని అడిగెను. ఏమియు చేయలేదని సేవకులు చెప్పిరి. గ్రంథములో లోపము లేదు. దానిని తెరచినవారే లేకపోయిరి.

యొర్దానులోనుండి తెచ్చి నిలిపిన పండ్రెండు రాళ్ల సంగతి వేరు. వాటిని చూచి పిల్లలు అడుగవలెను, అడిగిన ప్రతిసారి పెద్దలు చెప్పవలెను. మరల మరల కంటబడునదే జ్ఞాపకమునకు ఉపకరించును.

3. మా తప్పు

మన నారాయణఖేడ్ ప్రాంతమునుండి ఏటేట అనేక కుటుంబములు చెరకు కోతకు పోవుదురని మీరెరుగుదురు. కొందరు జహీరాబాదు వైపునకు, కొందరు కర్ణాటకకు, మహారాష్ట్రకు పోవుదురు. ముందుగా తీసికొన్న పైకము, కోసిన చెరకు, మిగిలిన బాకీ, ఇవన్నియు చీటీమీదనే యుండును.

ఒక సంవత్సరము దసరాకు ముందు ఒక సహోదరి మా యింటికి వచ్చి, “అయ్యగారూ, చీటీల ఏం రాస్తరో నాకు తెల్వది. ఏలుముద్ర ఏసుడే. అంకెలు, నా పేరు జర నేర్పుండ్రి,” అని అడిగెను. “సోమవారమునుండి రా అమ్మా, మేమే కబురు పంపెదము,” అని మాట యిచ్చితిమి. ఆ శనివారము పుస్తకములో వ్రాసితిమి కూడ. సోమవారము ఒక పెండ్లి వచ్చెను. మరుసటి వారము పాదిరుల కూటము వచ్చెను. ఆ కుటుంబము లారీ ఎక్కి వెళ్లిపోయెను. క్రిస్మసు తరువాత పాత పుటలు తిరుగవేయగా మా చేవ్రాతయే మమ్మును గద్దించెను.

ఎండకాలమున వారు తిరిగి వచ్చినప్పుడు వెళ్లి క్షమాపణ అడిగితిమి. ఆమె తన కొంగు చూపెను. దానికి ఒక ముడి యుండెను. “మీరు చెప్పిన్నాడే ఏసుకున్న, అయ్యగారూ. చీర మారిస్తే ముడి మల్ల ఏసిన,” అనెను. ఆ కోతకాలమున ఆమె మరి యొక చీటీమీద వేలిముద్ర వేసియుండెను. అందులో ఏమి వ్రాసిరో ఆమెకు తెలియదు, మాకును తెలియదు. బాకీ మిగిలెనని మాత్రము వారితో చెప్పిరి. అది న్యాయమైన లెక్కయో కాదో మేము చెప్పలేము. చదివి అడుగుటకు ఆమెకు హక్కుండెను. మా మరపు ఆ హక్కును ఒక ఏడు వెనుకకు నెట్టెను.

వ్రాసినవారము మరచితిమి, వ్రాయలేని ఆమె మరువలేదు. ఆమె ప్రతి దినము ముడిని చూచెను, మేము పుస్తకము మూసితిమి.

4. చదువు ఎందుకు?

అక్షరము రాని పెద్దలను తెలివిలేనివారని ఎవరును తలంచకూడదు. ఈ తాలూకా 1956 అక్టోబరు చివరివరకు హైదరాబాదు రాష్ట్రపు బీదరు జిల్లాలో ఉండెను. నవంబరు 1న మెదకు జిల్లాలో చేరెను. 2016నుండి సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. నిజాము కాలపు బడిలో ఉర్దూ, ఇంటిలో తెలుగు, సంతలో కన్నడము, మరాఠీ వినుచు పెరిగినవారు మన పెద్దలు. బడి గడప తొక్కనివారు సంఘములో వినిన కీర్తనలను, వాక్యములను నోటనే నిలుపుకొనిరి.

అయినను చదువు వేరొక మేలు. పౌలు చెరసాలలో, మరణము సమీపించినప్పుడు సైతము, త్రోయలో విడిచిన అంగీని, పుస్తకములను, చర్మపు కాగితములను తెమ్మని తిమోతికి వ్రాసెను. కడవరకు నేర్చుకొనువాడే బోధకుడు.

ఆ వేసవిలో ఆ సహోదరి సాయంకాలములందు గుడి వరండాలో కూర్చుండి మొదట అంకెలు, తరువాత తన పేరు, అటుపిమ్మట 23వ కీర్తన ఒక్కొక్క మాటగా నేర్చుకొనెను. మరుసటి కోతకు పోయినప్పుడు చీటీని తానే చూచి, ఒక అంకెను మరల చదివి చెప్పుమని అడిగి, పిమ్మట సంతకము చేసెనట. ఇప్పుడు ఆమె తన కోడలికి నేర్పుచున్నది.

5. వారపు లెక్క

మెదకు ప్రాంతమున సువార్త ప్రకటించిన వెస్లియన్ మిషనువారి మూలపురుషుడు జాన్ వెస్లీ. 1742లో బ్రిస్టలు పట్టణమున ఆయన సంఘమువారు తమ మందిరపు అప్పు తీర్చుటకు ఒక ఏర్పాటు చేసికొనిరి. ఒక్కొక్కరు వారమునకు ఒక పెన్నీ ఇయ్యవలెను. ఒకడు పదునొకండుగురి యిండ్లకు పోయి దానిని వసూలు చేయవలెను. అట్లు పోయినవారికి ఇండ్లలోని కలహములును, కష్టములును కనబడెను. అప్పు వసూలునుండి ఆత్మల విచారణ పుట్టెను. అదియే క్లాసు కూటమాయెను. వారమునకొకసారి యొకరు అడుగువారు ఉన్నప్పుడు మనుష్యుడు తన్ను తాను దిద్దుకొనును.

కాబట్టి మేమిప్పుడు ఈలాగు చేయుచున్నాము. శనివారము క్రొత్త పుట వ్రాయుటకు ముందు గడచిన నాలుగు వారముల పుటలను చదివెదము. తీరని మాట యున్న యెడల దానినే మొదట మరల వ్రాసెదము. అది తీరువరకు ప్రతి వారము వ్రాయవలసినదే. చేయి నొచ్చినప్పుడు కాళ్లు కదలును. వ్రాయలేనివారు బిడ్డలచేత వ్రాయించుకొనవచ్చును, లేదా కొంగున ముడి వేసికొనవచ్చును. దానిని చూచుట మాత్రము మానకూడదు.

ఇంటిలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు:

1. గడచిన ఆదివారపు పాఠములో మీకు మిగిలినదేమి? 
2. మీకు మేలు చేసి, మీరు మరచిన మొర్దెకై ఎవరు? 
3. మీకు వచ్చిన చదువును ఈ సంవత్సరము ఎవరికి నేర్పెదరు? 
4. మీరిచ్చిన ఏ మాట కొరకు ఎవరు ఇంకను ముడి విప్పక యున్నారు?

నాలుగవ ప్రశ్నకు ఒక పేరు తోచిన యెడల, పాఠము అక్కడనే నిలిపి, మొదట ఆ యింటికి వెళ్లిరండి.