రాత్రి తిండి మానకు తల్లీ

బుజ్జీ,

నీ ఉత్తరం అందింది. గ్లూకోజు నీళ్లు తాగిన రెండు గంటలకి చక్కెర 168 వచ్చిందనీ, 140 లోపు ఉండాలనీ, కడుపులో బిడ్డ జన్యువుల మీద చక్కెర గుర్తులు పడతాయటనీ రాశావు. చివర్లో 'రాత్రి తిండి మానేశాను' అన్నావు చూడు, అది చదివాక నాకు నిద్ర పట్టలేదు.

నీ ఒంట్లో చక్కెర మాయ దాటి బిడ్డకి చేరుతుంది, నీ ఇన్సులిన్ చేరదు. దాంతో ఆ పసిగుడ్డు తన ఇన్సులిన్ తానే ఎక్కువగా తయారుచేసుకుని ఒళ్లు చేస్తుంది. డీఎన్ఏ మీది మిథైల్ గుర్తులూ అక్కడక్కడ మారతాయంటున్నారు. జన్యువులో అక్షరం మారదమ్మా, దాన్ని గట్టిగా చదవాలా మెల్లగా చదవాలా అన్నదే మారుతుంది. ఫలానా గుర్తుకి ఫలానా జబ్బు తప్పదని ఎవరూ తేల్చలేదు. ఏడవకు. మీ అమ్మమ్మ వైపు అందరికీ షుగరే, ఇందులో నీ తప్పేముంది?

కానీ ఆకలీ గుర్తు వేస్తుంది! 1944-45 చలికాలంలో జర్మన్లు తిండి అడ్డుకుంటే నెదర్లాండ్స్‌లో జనం అల్లాడారు. అప్పుడు కడుపున పడ్డవాళ్లని అరవై ఏళ్లకి పరీక్షిస్తే, ఎదుగుదలకి సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద మిథైల్ గుర్తులు తోబుట్టువులకన్నా తక్కువున్నాయి. 2008లో ప్రచురించారు. నువ్వు మానింది ఒక పూటే, కరువు కాదు, తెలుసు. అయినా వద్దు. రాత్రంతా ఖాళీ కడుపైతే ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు పెరుగుతాయి.

నేను కొత్తగా నర్సుగా చేరినప్పుడు నాలుగు కిలోల బిడ్డంటే వార్డంతా సంబరం. అలాంటి పిల్లాడొకడు పుట్టిన కాసేపటికే చేతులు వణికిస్తూ వేలాడిపోయాడు. మడమ గుచ్చి చూస్తే చక్కెర పడిపోయింది. బొడ్డుతాడు కోయడంతో తల్లి చక్కెర ఆగింది, వాడి ఇన్సులిన్ ఆగలేదు. తల్లిపాలు పిండి ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కా పట్టిస్తే తేరుకున్నాడు. ఆ తల్లికి ముందే ఎవరూ షుగరు పరీక్ష చెయ్యలేదు. నీకు ముందే తెలిసింది, నా బంగారం.

రాత్రికి చిన్న కప్పు అన్నం, పప్పు, గుడ్డు, కూర ఎక్కువ. తిన్నాక కాసేపు మేడ మీద నడు. పరగడుపున 95, తిన్న రెండు గంటలకి 120 లోపు ఉండేట్టు చూసుకో. డాక్టరు ఇన్సులిన్ రాస్తే బెంగపడకు. ఇన్సులిన్ వేసుకుని తిండి మానడం మరీ ప్రమాదం, అల్లుడికీ ఈ మాట చెప్పు. కాన్పయిన ఆరు వారాలకి మళ్లీ పరీక్ష చేయించుకో.

ఈ రాత్రి ఏం తిన్నావో రేపే రాయి.

మీ పెద్దమ్మ