పక్కింటి పాప ఒంటిమీద వాతలు

ప్రశ్న: మా పక్క వాటాలో ఉండే ఎనిమిదేళ్ల పాప చేతిమీద అట్లకాడతో పెట్టినట్టు వాతలు చూశాను. అడిగితే ‘పడ్డాను’ అంటుంది. వాళ్లింటి విషయంలో తలదూర్చవచ్చా? పోలీసులంటే భయం.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: తప్పకుండా తలదూర్చాలమ్మా. అది వాళ్లింటి గొడవ కాదు, నేరం. పెంచాల్సినవాళ్లే హింసిస్తే 2015 నాటి బాలల న్యాయ చట్టం, 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు.

పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. రాత్రీపగలూ పనిచేస్తుంది, ఖర్చు ఉండదు. రుజువులు మీరు తేనక్కర్లేదు. ఇల్లెక్కడ, ఏం చూశారు, ఎప్పుడు చూశారు అన్నవి చెప్పండి. మీ పేరు బయటికి రానివ్వొద్దని కూడా అడగండి. ఆ క్షణాన కొడుతున్న చప్పుడు వినిపిస్తే మాత్రం అత్యవసర నంబరు 112కి చేయండి.

‘పాపను తీసుకెళ్లి హోంలో పడేస్తారేమో’ అని చాలామంది జంకుతారు. బయటికి తీసుకొచ్చిన బిడ్డను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. హోం అన్నది చివరి మార్గమేనని చట్టమే చెబుతోంది.

లైంగిక వేధింపు అనుమానం ఉంటే, 2012 పోక్సో చట్టం ప్రకారం చెప్పి తీరాలి. తెలిసీ దాస్తే ఆరు నెలల దాకా జైలు. మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు. పాప వాంగ్మూలం తీసుకునేటప్పుడు పోలీసులు యూనిఫాంలో ఉండకూడదు.

తల్లిదండ్రులను మీరు నిలదీయొద్దు, ఆ కోపం పాపమీదే తీరుతుంది. పాపను గుచ్చిగుచ్చి అడగొద్దు. ‘నీ తప్పేం లేదు’ అనండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకండి.

ఈ రోజే ఫోన్ చేయండి.