పాపకి సావిత్రి అనే పెట్టు

తెనాలి

చిరంజీవి చిట్టికి, అత్తయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి హడావుడిగా ఊ అనో ఊహూ అనో అనేయడం ఇష్టంలేక ఊరుకున్నాను. పక్కన పాప ఏడుస్తోంది, వెనక నుంచి మీ అత్తగారు ఏదో చెబుతున్నారు. పేరు సంగతి తీరిగ్గా మాట్లాడుకోవాల్సింది కాబట్టి ఇలా రాస్తున్నాను. మీ ఆయనకీ, వీలైతే మీ అత్తగారికీ చదివి వినిపించు.

నా మాట ముందే చెబుతాను. పాపకి మీ నాన్నమ్మ పేరే పెట్టాలన్న నీ కోరిక మంచిది. సావిత్రి అనే పెట్టు. అయితే నాన్నమ్మ పేరు కనుక పెట్టానంటే రేపు పాపకి అది చాలదు. నేను మా అమ్మని చూశాను, నువ్వు నీ చిన్నప్పుడు చూశావు. దానికి ఆ ముఖమే తెలియదు. ఈ పేరుతో లోకంలో ఎవరెవరు ఎలా బతికారో నువ్వు తెలుసుకుని ఉంటే, అడిగిన రోజున చెప్పడానికి నీ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది.

నీ మొదటి భయం 'సతీసావిత్రి' అన్న ఎత్తిపొడుపు. కాలేజీలో ఎవరో ఒకరు అంటారు, కాదనను. "పెద్ద సతీసావిత్రిలా మాట్లాడకు" అని ఆడవాళ్ల నోట కూడా నేను విన్నాను. ఆ మాట అనేవాళ్లలో ఆ కథ చదివినవాళ్లు తక్కువ. నువ్వు ఒకసారి అరణ్యపర్వం తీసి చదువు. నన్నయ విడిచిపెట్టిన ఆ పర్వాన్ని పూరించిన ఎఱ్ఱన చేతిలో వచ్చింది ఆ భాగం. మద్రరాజు అశ్వపతికి చాలాకాలం పిల్లల్లేక సావిత్రీదేవిని ఆరాధిస్తే పుట్టిన కూతురు కాబట్టి ఆ పేరు పెట్టాడు. పిల్ల తేజస్సు చూసి అడగడానికి జంకి ఏ రాజూ ముందుకు రాలేదు. అప్పుడు తండ్రి ఏమన్నాడో చూడు, నీకు నచ్చినవాణ్ణి నువ్వే వెతుక్కో అని మంత్రుల్ని తోడిచ్చి రథమెక్కించి పంపించాడు. ఆమె వెళ్లి, రాజ్యం పోయి కళ్లు పోయి అడవిలో ఉంటున్న ద్యుమత్సేనుడి కొడుకుని ఎంచుకుని వచ్చింది. వాడికి ఏడాదే ఆయువని నారదుడు చెబితే తండ్రి వెనక్కి తగ్గాడు గానీ ఆమె తగ్గలేదు.

తర్వాతది అందరికీ తెలిసిందే అనుకుంటాం. యముడు వచ్చాడు, ఏడ్చి కాళ్లమీద పడి మొగుణ్ణి తెచ్చుకుంది అని. మూలంలో ఏడుపు కాదు, మాటలున్నాయి. వెనకాలే నడుస్తూ ధర్మం గురించి, సజ్జనుల స్నేహం గురించి మాట్లాడుతుంది. ఒక్కొక్క మాటకి మెచ్చి యముడు వరమిస్తుంటాడు. ఆమె అడిగిన వరుస చూడు. ముందు మామగారి చూపు, తర్వాత ఆయన రాజ్యం, తర్వాత తన తండ్రికి కొడుకులు, ఆ తర్వాత తనకి కొడుకులు. నాలుగోది ఇచ్చాక, భర్త లేకుండా కొడుకులెలా? యముడికి తప్పించుకునే దారి లేకపోయింది. ఇంత తెలివిగా బేరం ఆడిన మనిషి మన పురాణాల్లో ఇంకొకరు నాకు కనబడలేదు. ఎవరైనా పాపని సతీసావిత్రి అంటే, అవును, యముడితో వాదించి గెలిచింది అని చెప్పమను.

మీ పుణెలో జ్యేష్ఠ పున్నమినాడు ఆడవాళ్లు మర్రిచెట్టు చుట్టూ దారం చుడుతూ తిరగడం నువ్వు చూసే ఉంటావు. అది ఈవిడ కోసమే. మనవైపు సంక్రాంతి వెళ్లాక కొత్త పెళ్లికూతుళ్లు బొమ్మలు పెట్టి సావిత్రి గౌరీ నోము పడతారు. ఆ పూజలు నీకు నచ్చకపోతే చేయనక్కర్లేదు. ఆ పేరున్న మరో ఆవిడ మాత్రం మీ ఊళ్లోనే ఉంది, ఆవిడ దగ్గరికి పాపని తప్పకుండా తీసుకెళ్లు.

సావిత్రీబాయి ఫూలే గురించి చెబుతున్నాను. 1831 జనవరి 3న సాతారా జిల్లా నాయ్‌గావ్‌లో పుట్టింది. తొమ్మిదేళ్లకి పెళ్లి. చదువు అత్తవారింటికి వచ్చాక భర్త జోతీరావు దగ్గర మొదలైంది. 1848లో బుధవార్ పేఠ్‌లోని భిడేవాడాలో ఆడపిల్లలకి బడి పెట్టారు. అప్పటికి ఆవిడకి పదిహేడేళ్లు, మన ఇంటర్ పిల్లల వయసు! బడికి నడిచి వెళుతుంటే పేడా రాళ్లూ విసిరేవారని, అందుకని సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్లేదని చెబుతారు. మురికైన చీర బడిలో మార్చుకుని పాఠం మొదలుపెట్టేది. 1854లో 'కావ్యఫులే' అని కవితల పుస్తకం అచ్చువేసింది. 1897లో ప్లేగు వచ్చినప్పుడు జబ్బుపడిన పిల్లవాణ్ణి భుజాన వేసుకుని కొడుకు నడిపే ఆసుపత్రికి మోసుకెళ్లి, అదే జబ్బుతో మార్చి 10న పోయింది. మీ పుణె యూనివర్సిటీకి 2014లో ఆవిడ పేరు పెట్టారు. తెలంగాణ ప్రభుత్వం ఆవిడ పుట్టినరోజుని మహిళా ఉపాధ్యాయ దినంగా ప్రకటించింది. పాతకాలం పేరని మీ ఆయన అన్నాడన్నావు. ఆ ఊళ్లో ఉంటూ ఈ పేరు పాతదనడం నాకు సమంజసంగా లేదు. అబ్బాయికి ఈ మాట నా మాటగానే చెప్పు.

ఇక మీ అత్తగారి భయం. "ఆ సినిమా ఆవిడ చివరికి ఎంత బాధపడిపోయిందో, ఆ పేరెందుకు" అన్నారట. ఆవిడ ప్రేమ కొద్దీ అన్నమాట కనుక కొట్టిపారేయను. మహానటి సావిత్రి ఏడాదిన్నర పైగా స్పృహ లేకుండా పడి ఉండి 1981 డిసెంబరు 26న పోయింది. మేమంతా ఏడ్చాం. కానీ ఆ ఏడాదిన్నరే ఆవిడ జీవితం అనుకుంటే ఆవిడకి అన్యాయం చేసినట్టు. ఇక్కడికి దగ్గర్లోని చిర్రావూరులో పుట్టిన పిల్ల. 'దేవదాసు'లో పార్వతి, 'మిస్సమ్మ'లో మేరీ. 1957లో 'మాయాబజార్' వచ్చింది. అందులో ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో ఉన్న పెళ్లి సంబరం పాట ఈసారి పెట్టుకుని ఆవిడ భుజాలు మాత్రమే చూడు. సిగ్గుపడే పెళ్లికూతురి భుజాలు ఒక్క క్షణంలో విచ్చుకుని గద పట్టేవాడి భుజాలవుతాయి, ఎవరో చూస్తున్నారనగానే మళ్లీ ముడుచుకుంటాయి. మగవాడు ఆడవేషం వేసుకుంటే ఎలా ఉంటాడో ఒక ఆడమనిషి చేసి చూపించింది. 1968లో 'చిన్నారి పాపలు' తనే దర్శకత్వం చేసింది. ఎక్కువమంది ఆడవాళ్లనే పనిలో పెట్టుకుంది, సంగీతం పి.లీలకి ఇచ్చింది. డబ్బు పోయింది, నిజమే. ఆ రోజుల్లో ఆ సాహసం ఇంకెవరు చేశారు? పేరు వల్ల కష్టాలు రావు. మనుషుల వల్ల, అలవాట్ల వల్ల, డబ్బు వల్ల వస్తాయి. మీ అత్తగారికి నెమ్మదిగా చెప్పు.

నిన్ను కూర్చోబెట్టి చదివించాలని నాకున్న సావిత్రి ఇంకొకావిడ. 1949లో పుట్టి 1991లోనే వెళ్లిపోయిన కవయిత్రి. 'బందిపోట్లు' అనే కవిత రాసింది. పాఠం అప్పచెప్పకపోతే పెళ్లి చేసేస్తానని పంతులుగారు ఆడపిల్లని బెదిరించడంతో మొదలవుతుంది. అంటే పెళ్లిని శిక్షగా వాడుతున్నారని ఆ చిన్నపిల్లకి అర్థమైపోయింది. మొగుడికోసం యముడి వెంట నడిచిన ఆవిడ పేరు పెట్టుకున్న మనిషే ఆ మాట రాసింది. మన తెలుగులో స్త్రీవాద కవిత్వం గురించి మాట్లాడేవాళ్లెవరూ ఆ కవితని దాటి వెళ్లరు. పాప పదో తరగతికి వచ్చాక ఇద్దరూ కలిసి చదవండి. చలంగారు కూడా 'సావిత్రి' అని నాటకం రాశారు, అది నువ్వు చదువు.

ఎక్కడో స్విట్జర్లాండులో 1913లో పుట్టిన ఒక పిల్ల విక్రమ్ ఖానోల్కర్ అనే సైనికాధికారిని పెళ్లాడి, సావిత్రి అని పేరు మార్చుకుని, మరాఠీ సంస్కృతం నేర్చుకుంది. పరమవీర చక్ర పతకం గీసింది ఆవిడే. మధ్యలో రాజచిహ్నం, చుట్టూ నాలుగు వజ్రాయుధాలు. మొదటి పతకం పొందిన మేజర్ సోమనాథ్ శర్మ ఆవిడ కూతురికి బావగారు కావడం విధి చేసిన చిత్రం.

కేరళ నంబూద్రి ఇళ్లలో సావిత్రిని తాత్రి అంటారు. కురియేడత్తు తాత్రి మీద 1905లో కులవిచారణ పెట్టి పాతివ్రత్యం పోయిందన్నారు. ఆవిడ అరవై మందికి పైగా మగవాళ్ల పేర్లు ఆనవాళ్లతో సహా బయటపెట్టింది. వాళ్లనీ వెలివేయక తప్పలేదు. తలుపు చాటు నుంచి జవాబులు చెప్పిన ఆ మనిషి ధైర్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

బెంగాల్లో, ఒడిశాలో, మణిపూర్లో సాబిత్రి అంటారు. మణిపూర్ నటి హైస్నాం సాబిత్రి మహాశ్వేతాదేవి కథ 'ద్రౌపది'ని నాటకంగా ఆడింది, దాని గురించి కూడా ఎప్పుడైనా చెబుతాను. అరవిందులు ఇదే పేరుతో మహాకావ్యం రాశారు. ఇండొనేసియాలో ఆడపిల్లలకి ఈ పేరు పెడతారు, ఇంగ్లీషులో 'వి' బదులు డబ్ల్యూ రాస్తారు. అందరూ మంచివాళ్లేనని నీకు అబద్ధం చెప్పను. ఫ్రాన్సులో పుట్టి సావిత్రీదేవి అని పేరు పెట్టుకుని జీవితాంతం హిట్లర్‌ని కొలిచిన ఆవిడ కూడా ఉంది. పాప పెద్దయి తన పేరు వెతుక్కుంటే ఆవిడా కనబడుతుంది. నువ్వు ముందే తెలుసుకుని ఉండు.

ఇప్పుడు స్పెల్లింగు. జనన మరణాల రిజిస్టరు ముందు కూర్చుని ఉద్యోగం చేసినదాన్ని, ఇక్కడ మాత్రం నా మాట కచ్చితంగా వినాలి.

మనవైపు 'త'కి టి హెచ్, 'ట'కి ఉత్త టి రాస్తాం. ఉత్తరాదిలో, మీ మహారాష్ట్రలో 'త'కి టి, 'థ'కి టి హెచ్. అందుకే మన లతకి హెచ్ ఉంటుంది, లతా మంగేష్కర్‌కి ఉండదు. ఇక్కడ పుట్టిన సావిత్రి హెచ్‌తో ఉంటే మీ పుణె గుమాస్తా సావిథ్రి అని చదివి మరాఠీలోనూ అలాగే దించుతాడు. తమిళంలో సావిత్తిరి అని రాస్తారు కాబట్టి అక్కడివాళ్ల ఇంగ్లీషులో ఇంకో 'ఐ' కూడా చేరుతుంటుంది. ఏదీ తప్పు కాదు. ఒకే మనిషి కాగితాల్లో రెండు రకాలుగా ఉండటమే ప్రమాదం. మీ తాతగారు పోయాక నాన్నమ్మ పింఛను ఎందుకు ఆగిందో నీకు తెలియదు. సర్వీసు పుస్తకంలో సావిత్రమ్మ, రేషన్ కార్డులో హెచ్‌తో సావిత్రి, బ్యాంకు పాసుపుస్తకంలో హెచ్ లేకుండా సావిత్రి, అందులోనూ ఇంటిపేరు వెనక. ఈ ముగ్గురూ ఒక్కరేనని స్టాంపు కాగితం మీద రాయించి నోటరీ చేయించి తెమ్మన్నారు. భర్త పోయిన మనిషి ఆఫీసు బల్లముందు నిలబడి నేను నేనేనని సంతకం చేసింది. అది నేను పక్కనుండి చూశాను.

పాప పుణెలో పుట్టింది, అక్కడే పెరుగుతుంది. కాబట్టి హెచ్ వద్దు. ఎస్, ఏ, వి, ఐ, టి, ఆర్, ఐ. ఏడక్షరాలు, అంతే. సంఖ్యాశాస్త్రం వాళ్లు రాసిచ్చిన డబుల్ ఏ, చివర డబుల్ ఈ తీసెయ్యి. జయలలితగారు 2001లో తన పేరు చివర ఇంకో 'ఏ' చేర్చుకున్నారు, ముఖ్యమంత్రి కనుక లోకమంతా సర్దుకుంది. మన పిల్ల ప్రతి కౌంటర్ దగ్గరా నిలబడి తన పేరు అక్షరం అక్షరం చెప్పుకోవాల్సి వస్తుంది.

తొందరపడకు. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు కావాలి గానీ పేరు అప్పుడే ఉండనక్కర్లేదు. ఏడాది లోపు రుసుం లేకుండా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత రుసుం కట్టి 15 ఏళ్ల దాకా వీలుంది. కానీ 2023 అక్టోబరు నుంచి పుట్టిన పిల్లలకి బడికీ పాస్‌పోర్టుకీ జనన ధ్రువపత్రమే ఆధారం కనుక మరీ సాగదీయకు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించకుండా పూర్తిగా రాయించు. పాస్‌పోర్టులో పేరు గడి ఖాళీగా వదిలి, అంతా ఇంటిపేరు గడిలో నింపితే అమెరికా వీసా మీద పేరు లేని మనిషిగా అచ్చవుతుంది. మీ మహారాష్ట్రవాళ్లు పిల్ల పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అన్న వరసలో రాసేస్తారు. మీకు అది కావాలో వద్దో ఇద్దరూ ముందే మాట్లాడుకుని, ఫారం మీద పెద్ద అక్షరాలతో మీరే రాయండి, నోటితో చెప్పి గుమాస్తా మీద వదలొద్దు. మరాఠీ గడిలో కూడా మీ పక్కింటివాళ్లచేత ఒకసారి చదివించుకో.

పిలవడానికి సావీ అంటారో, చిన్నీ అంటారో మీ ఇష్టం. నామకరణానికి మీ మామయ్య, నేను ముందురోజే వస్తాం. మీ అత్తగారిని అడిగానని చెప్పు. ఫారం నింపాక ఇచ్చేముందు ఫోటో తీసి నాకు పంపించు, అక్షరాలు సరిచూసి చెబుతాను.

ఇట్లు,
మీ అత్తయ్య