ముందు బొటనవేలు నేర్చుకో, తల్లీ

చిరంజీవి తల్లికి,



నువ్వు పంపిన వీడియో చూశాను. ఎడమచెయ్యి బాగా తిరుగుతోంది. నీ వయసుకి ఆ వేగం ఎక్కువే. కాని నీ పక్కన ఫోన్లో డ్రమ్ములూ బేసూ మోగుతున్నాయి కదా, వాటిని ఆపేసి అదే పాట మళ్లీ వాయించి చూడు. ఎంత మిగులుతుందో నీకే తెలుస్తుంది. ఇప్పుడు పాటను మోస్తున్నది ఆ ఫోను. నువ్వు దాని మీద నగిషీలు చెక్కుతున్నావు.

"ఒక్కదాన్నే వాయించాలంటే ఏ బ్లూస్ పాటతో మొదలుపెట్టాలి మామయ్యా" అని అడిగావు. ఒక పాట కాదు, ఒక ఆల్బమ్ చెబుతాను. కోరీ హారిస్ చేసిన 'బిట్వీన్ మిడ్‌నైట్ అండ్ డే'. 1995లో వచ్చింది. ఒక గొంతు, ఒక గిటారు, అంతే. పాత బ్లూస్ దారిలో నడవడమంటే ఏమిటో చెప్పడానికి ఈ కాలంలో ఇంతకన్నా మంచి పాఠం నాకు కనపడలేదు.

హారిస్ 1969లో డెన్వర్‌లో పుట్టారు. బ్లూస్ పుట్టిన మిసిసిపీ పత్తి పొలాలకీ ఆ ఊరికీ చాలా దూరం. మెయిన్ రాష్ట్రంలోని బేట్స్ కాలేజీలో మానవశాస్త్రం చదివారు. ఫెలోషిప్ మీద ఆఫ్రికా వెళ్లి, కామెరూన్‌లో ఉండి అక్కడి పిజిన్ భాష మీద పని చేశారు. తిరిగొచ్చాక లూసియానాలో నెపోలియన్‌విల్ అనే చిన్న ఊళ్లో బడిపంతులుగా చేరారు. న్యూ ఆర్లీన్స్ వీధుల్లో గిటారు పట్టుకుని పాడేవారు. వీధిలో పాడటం ఎంత కఠినమైన పరీక్షో ఆలోచించు. అక్కడ ఎవరూ టికెట్ కొనుక్కుని వచ్చి కూర్చోరు. పని మీద పోయేవాడి కాలు ఆగాలంటే మొదటి రెండు మూడు చరణాల్లోనే తాళం వాడి ఒంట్లోకి ఎక్కాలి. ఈ రికార్డు వచ్చేనాటికి ఆయనకి 26 ఏళ్లు. విడుదల చేసింది షికాగోలోని అలిగేటర్ కంపెనీ. బ్రూస్ ఇగ్లౌవర్ 1971లో హౌండ్ డాగ్ టేలర్ అనే బ్లూస్ గిటారిస్టు పాటలు రికార్డు చెయ్యడానికి పెట్టిన కంపెనీ అది. ఎలక్ట్రిక్ గిటార్లకీ బ్యాండ్ల హోరుకీ అది పేరుపడింది. అలాంటి చోటి నుంచి ఒక కుర్రాడి ఒంటి గిటారు రికార్డు రావడమే ఒక విశేషం.

అందులో హారిస్ సొంత పాటలున్నాయి, పాతవాళ్ల పాటలూ ఉన్నాయి. 'ఫీల్ లైక్ గోయింగ్ హోమ్' అనే పాట సంగతి కొంచెం వివరంగా చెబుతాను. అది మడ్డీ వాటర్స్ పాట. 1941లో అలన్ లోమాక్స్, జాన్ వర్క్ అనే ఇద్దరు పరిశోధకులు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున రికార్డింగు యంత్రం వేసుకుని మిసిసిపీలోని స్టోవాల్ ఎస్టేటుకి వెళ్లారు. మడ్డీ అప్పుడు అక్కడ పొలం పని చేసుకునే యువకుడు. 'కంట్రీ బ్లూస్' అని ఒక పాట పాడాడు. ఇది ఎక్కడిదని లోమాక్స్ అడిగితే, 1938లో కారు టైరు పంక్చరు వేసుకుంటుండగా తానే కట్టానన్నాడు. ఆ మాటల్లోనే, సన్ హౌస్ అనే పాటగాడి దగ్గర నేర్చుకున్నానని కూడా చెప్పాడు. అదే వరసలో రాబర్ట్ జాన్సన్ అనే ఇంకో పాటగాడు చేసిన రికార్డు సంగతీ వచ్చింది. చదివేవాళ్లకి ఇది తికమకగా కనిపిస్తుంది. నాకైతే ఇందులో ఏ ముక్కా అబద్ధం కాదనిపిస్తుంది. వరస సన్ హౌస్‌ది, జాన్సన్ దానికి తన మెరుగు పెట్టాడు, మడ్డీ తన బతుకులోని మాటలు వేశాడు. 1943లో షికాగో వెళ్లిపోయిన మడ్డీ, 1948లో అదే పాటను ఎలక్ట్రిక్ గిటారు మీద 'ఫీల్ లైక్ గోయింగ్ హోమ్' పేరుతో రికార్డు చేశాడు. దాదాపు అర్ధశతాబ్దం తర్వాత హారిస్ దాన్ని మళ్లీ ఒంటి గిటారు మీదికి తెచ్చారు. 2003లో మార్టిన్ స్కోర్సెసీ బ్లూస్ మీద తీసిన డాక్యుమెంటరీకి పేరు ఈ పాటదే. ఆ సినిమాలో మిసిసిపీ నుంచి మాలీ దాకా దారి చూపించే మనిషి హారిసే.

కాబట్టి ఈ ఆల్బమ్ వినేటప్పుడు పాటకి ముందున్నవాళ్లని కూడా వినాలి. 'పోనీ బ్లూస్' ఉంది. మిసిసిపీ పాటగాడు చార్లీ ప్యాటన్ దాన్ని 1929లో పారమౌంట్ కంపెనీకి పాడాడు. ఆ పాత రికార్డు మొదటిసారి వింటే నీకు గరగర తప్ప ఏమీ వినపడకపోవచ్చు. విసుక్కోకు. చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని నాలుగైదు సార్లు విను. గరగర వెనక్కి పోతుంది, మనిషి ముందుకి వస్తాడు. అప్పుడు ఆయన గిటారు మీద చేత్తో కొట్టే దెబ్బలు, మాటను తాళం మీద కాకుండా తాళానికి అటూ ఇటూ వెయ్యడం తెలుస్తాయి. ఆ తర్వాత హారిస్‌ని విను. ఏది ఉంచారు, ఏది వదిలారు, ఏది మార్చారు, ఒక కాగితం మీద రాసుకో. టాబ్ చూసి నేర్చుకున్న పాటలో స్వరాలు మాత్రమే వస్తాయి. ఈ తేడాలు దాంట్లో ఉండవు.

ఇక అసలు పని బొటనవేలిది.

ప్యాటన్ కాలంలో శనివారం రాత్రి పొలం పనివాళ్లు ఒక గుడిసెలో చేరేవాళ్లు. తెల్లారేదాకా చిందులు. చాలాసార్లు వాయించేవాడు ఒక్కడే. డ్రమ్ము లేదు, మైకు లేదు. జనం అడుగు తప్పకుండా ఆడాలంటే ఆ ఒక్క గిటారులోంచే డ్రమ్ము రావాలి. ఆ పనిని కుడిచేతి బొటనవేలు తీసుకుంది. పైన చూపుడువేలు ఏ విన్యాసమైనా చెయ్యనీ, కింద బొటనవేలు ఆగదు. పాతతరం గిటారిస్టు మిసిసిపీ జాన్ హర్ట్ వాయిద్యంలో అది ఒక మంద్ర తీగ నుంచి ఇంకో మంద్ర తీగకి మారుతూ నడుస్తుంది. ఇంకో పాతతరం గిటారిస్టు ఫ్రెడ్ మెక్‌డోవెల్ దగ్గర ఎక్కువగా ఒకే తీగను పట్టుకుని మోగిస్తూ ఉంటుంది. నువ్వు రెండోదానితో మొదలుపెట్టు. అన్నిటికన్నా లావు తీగ మీద బొటనవేలు, నిమిషానికి 80 దెబ్బల నడక. అరచేతి మడమను బ్రిడ్జి దగ్గర తీగ మీద తేలిగ్గా ఆనించు, నాదం సాగకుండా పొట్టిగా, గుండ్రంగా వస్తుంది. అది కుదిరాక, చెయ్యి ఆపకుండా మీ అమ్మతో మాట్లాడు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే జవాబు చెప్పు. దెబ్బ తడబడితే ఇంకా రాలేదని అర్థం. మాట్లాడుతూ నడిపించగలిగితే అప్పుడు పాడుతూ నడిపించగలవు. అప్పటిదాకా పై తీగల జోలికి వెళ్లకు.

దీని తర్వాత స్లైడ్, అంటే వేలికి తొడుక్కుని తీగ మీద జార్చే గొట్టం. ఆల్బమ్‌లో 'కీప్ యువర్ ల్యాంప్ ట్రిమ్డ్ అండ్ బర్నింగ్' అని ఒక భక్తిగీతం ఉంది. సువార్తలోని పదిమంది కన్యకల ఉపమానం మీద కట్టిన పాట అది. చర్చికి వెళ్లే మన తెలుగువాళ్లకి ఆ దివిటీల కథ కొత్తగా చెప్పక్కర్లేదు. గుడ్డివాడైన విల్లీ జాన్సన్ దాన్ని 1928లో పాడారు. మెక్‌డోవెల్ పాడినదీ సంపాదించి విను. ఈయన వ్యవసాయం చేసుకుంటూ మిసిసిపీలో కోమో ఊరి దగ్గర ఉండేవారు. 1959లో లోమాక్స్ వెళ్లి రికార్డు చేసేదాకా బయటి ప్రపంచానికి తెలియదు. ఆయన వాయిద్యంలో ఒక సంగతి పట్టుకో. పాదం పాడుతూ పాడుతూ చివరి మాట దగ్గర నోరు ఆపేస్తారు. ఆ మాటను గిటారు పలుకుతుంది. గాజు గొట్టం తీగ మీద జారి, అచ్చం ఆ అక్షరాల ఒంపుతో. పాడేదీ గిటారే, మనిషీ గిటారూ వేరు కాదు అనే ఎరుక ఒంటరి వాయిద్యానికి ప్రాణం.

స్లైడ్ పట్టేటప్పుడు తీగను ఫ్రెట్‌కి నొక్కకు. ఊరికే తాకించు. రెండు ఫ్రెట్ల మధ్య కాకుండా సరిగ్గా ఫ్రెట్ కడ్డీ మీదుగా ఉంటేనే శ్రుతి కలుస్తుంది. గొట్టం వెనకాల మిగిలిన వేళ్లను తీగల మీద వాల్చి ఉంచు, లేకపోతే అక్కరలేని చప్పుళ్లు వస్తాయి. ట్యూనింగ్ మార్చుకోవాలి. లావు తీగ నుంచి డి, ఏ, డి, ఎఫ్ షార్ప్, ఏ, డి. ఊరికే మీటితే తీగలన్నీ కలిసి ఒక కార్డు పలుకుతాయి. తీగలు కొంచెం మందంవి వేయించు.

నువ్వు చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నావు గనక ఒక సులువు ఉంది. బ్లూస్‌లో గాంధారం సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ మధ్య ఎక్కడో ఉంటుంది. ఒకచోట నిలవదు, కిందినుంచి పైకి జరుగుతూ ఉంటుంది. పియానో మెట్ల మీద అది దొరకదు. పాశ్చాత్య సంగీతం మాత్రమే విన్న పిల్లలకి దీన్ని చెవికి ఎక్కించడం కష్టం. నీ చెవికి గమకం తెలుసు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్, ఫ్రెట్లున్న పరదేశి వాయిద్యం మీద గమకాలన్నీ పలికించి చూపించారు. ఆయనా 1969లోనే పుట్టారు. అయితే జాగ్రత్త, బ్లూస్‌లోకి రాగాన్ని తోసెయ్యకు. నీ చెవిని వాడుకో, నీ సంగతుల్ని కాదు.

ఇంకొకటి. బ్లూస్ అంటే పన్నెండు బార్లు అని నీకు క్లాసులో చెప్పి ఉంటారు. బ్యాండుకి అది నిజం, అందరూ ఒకేచోట మారాలి కాబట్టి. ఒంటరి పాటగాడికి ఆ కట్టుబాటు లేదు. మాట పూర్తికాకపోతే కార్డు మార్చకుండా ఆగుతాడు, ఊపిరి తొందరపడితే ముందే మారిపోతాడు. పాతవాళ్ల రికార్డుల్లో లెక్కపెడితే పదకొండున్నర, పదమూడు కూడా వస్తాయి. అవి పొరపాట్లు కావు. బొటనవేలి దెబ్బ మాత్రం నిలకడగా ఉంటుంది కాబట్టే బారు సాగినా కుంచించుకున్నా వినేవాడు దారి తప్పడు.

వాయిద్యం సంగతి ఇంతవరకు. ఈ పాటలు ఎవరివో మర్చిపోయి వాయిస్తే మాత్రం నేను ఒప్పుకోను. బానిసత్వం పోయాక కూడా మిసిసిపీ పత్తి పొలాల్లో నల్లవాళ్లది సగపాలు సేద్యమే. విత్తనానికీ తిండికీ దొర దగ్గర అప్పు, ఏడాది చివర లెక్క దొర చెప్పిందే. ఎదురు మాట్లాడితే ప్రాణానికే ముప్పు. ఆ మనుషులు నోరు విప్పి మాట్లాడుకున్న చోటు ఈ పాట. బ్లూస్‌ను నల్లజాతి చరిత్ర నుంచి విడదీసి ఒక వాయిద్య శైలిగా మార్చెయ్యకండని హారిస్ గట్టిగా వాదిస్తారు. నాకూ అదే అభిప్రాయం. మనం తెలుగువాళ్లం కాబట్టి వాయించకూడదని కాదు. వాయించే ముందు ఆ కథ చదవాలి, వాయించేటప్పుడు వాళ్ల పేరు చెప్పాలి. గొంతు బొంగురు పెట్టి వాళ్లలా నటించకూడదు.

పెద్దల దగ్గర పాటను అందుకోవడమంటే ఏమిటో కూడా చెబుతాను. 'మిసిసిపీ టు మాలీ' అని 2003లో హారిస్ ఇంకో ఆల్బమ్ చేశారు. మాలీ గిటారిస్టు అలీ ఫర్కా తూరే అందులో ఉన్నారు. ఉత్తర మిసిసిపీలో వెదురులాంటి రెల్లుతో చేసిన పిల్లనగ్రోవిని డ్రమ్ములతో కలిపి వాయించే పాత సంప్రదాయం ఒకటుంది. దాని పెద్దదిక్కు ఓథా టర్నర్. తొంభై దాటిన ఆ పెద్దాయనతో రికార్డు చెయ్యాలనుకునే సమయానికి, 2003 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. అప్పుడు ఆయన మనవరాలు షార్డే థామస్ ఆ పిల్లనగ్రోవి అందుకుని ఆల్బమ్‌లో వాయించింది. అప్పటికి ఆ పిల్లకి పన్నెండేళ్లు. నీకన్నా చిన్నది. తాత పక్కన కూర్చుని నేర్చుకుంది, పుస్తకంలో కాదు. నీకు పక్కన కూర్చోబెట్టుకునే పెద్దవాళ్లు లేరు కాబట్టి ఆ రికార్డులే నీ పెద్దలు. వాటి దగ్గర అంతసేపూ కూర్చోవాలి మరి.

ఈ తరంలో ఇంకా వినదగ్గవాళ్లు ఉన్నారు. ఆల్విన్ యంగ్‌బ్లడ్ హార్ట్, జెరాన్ పాక్స్టన్, జాన్‌టేవియస్ విలిస్. కాని ఒకేసారి అందరి మీదా పడకు. ఈ ఒక్క ఆల్బమ్ పూర్తిగా నమిలాక వాళ్ల దగ్గరికి వెళ్లు.

ఈ నెలంతా ఎడమచేతి విన్యాసాలు కట్టిపెట్టు. బొటనవేలు, మాట. వచ్చే నెల దివిటీల పాట మొదలుపెట్టు, ముందు స్లైడ్ లేకుండా. పాడటానికి సిగ్గుపడకు, పాడకుండా ఈ సంగీతం రాదు. కుదిరిందనిపించినప్పుడు ఒక వీడియో తీసి పంపు. వాయించే ముందు ఈ పాట ఎవరి దగ్గర విని నేర్చుకున్నావో నోటితో చెప్పు. పండక్కి వచ్చేటప్పుడు గిటారు తెచ్చుకో, స్పీకరు అక్కర్లేదు. గాజు స్లైడ్ నేను కొని ఉంచుతాను.

ఇట్లు,
మీ మామయ్య