వడ్ల తేమతో గణాంక పాఠం: దత్తాంశ విభాజనం – అవగాహన

సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే మిర్యాలగూడ, కోదాడల్లోనైనా, సూర్యాపేటలోనైనా వడ్లు కాంటా ఎక్కాలంటే ముందు తేమ చూస్తారు. మద్దతు ధర కొనుగోళ్లలో తేమ 17 శాతం మించకూడదు. సగటు ఒక్కటే చూస్తే ఏం దాగిపోతుందో ఈ తేమ లెక్కతోనే తెలుసుకోవచ్చు.

దత్తాంశం

సూర్యాపేటలో ఒక కేంద్రానికి 11 కుప్పలు వచ్చాయనుకుందాం. తేమ శాతాలు ఆరోహణ క్రమంలో:

14, 15, 15, 16, 16, 16, 17, 17, 18, 20, 23

విభాజనాన్ని వర్ణించమంటే నాలుగు అంశాలు రాయాలి: కేంద్రం, విస్తరణ, ఆకారం, విపరీత విలువలు.

1. కేంద్రం

- సగటు: 187 ÷ 11 = 17
- మధ్యగతం: 6వ విలువ = 16
- బాహుళకం: ఎక్కువసార్లు వచ్చిన 16

సగటు సరిగ్గా పరిమితి దగ్గరే ఉంది. అయినా 18, 20, 23 శాతం ఉన్న మూడు కుప్పలు కాంటాకు పనికిరావు. వాటిని మళ్లీ ఆరబోయాల్సిందే. నిబంధన ప్రతి కుప్పకూ వర్తిస్తుంది, సగటుకు కాదు. కల్లంలో వడ్లకు కాపలా ఉండే రైతుకు ఇది చిన్న తేడా కాదు.

2. విస్తరణ

- వ్యాప్తి: 23 − 14 = 9
- చతుర్థకాలు: మొదటిది 3వ విలువ 15, మూడోది 9వ విలువ 18. వీటి తేడా 3
- విస్తృతి: విచలనాల వర్గాల మొత్తం 66. దాన్ని 11తో భాగిస్తే 6
- ప్రామాణిక విచలనం: 6కు వర్గమూలం, సుమారు 2.45

కోదాడలో 11 కుప్పలూ 17 శాతమే ఉన్నాయనుకుంటే అక్కడా సగటు 17 వస్తుంది. కానీ ప్రామాణిక విచలనం సున్నా. ఏ కుప్పా వెనక్కి పోదు.

3. ఆకారం

విలువలు 16 చుట్టూ గుమిగూడి, కుడివైపు 23 దాకా సాగాయి. సగటు మధ్యగతం కంటే ఎక్కువ. ఇది ధన వైషమ్యం.

4. విపరీత విలువ

మూడో చతుర్థకానికి 1.5 × 3 = 4.5 కలిపితే 22.5. దాన్ని దాటిన 23 విపరీత విలువ, అంటే అవుట్‌లయర్. దాన్ని తీసేస్తే సగటు 16.4కు పడిపోతుంది, మధ్యగతం మాత్రం 16 దగ్గరే ఉంటుంది. అందుకే వైషమ్యం ఉన్న దత్తాంశానికి మధ్యగతం, చతుర్థకాలు నమ్మదగినవి.

జవాబు ఇలా రాయండి

"తేమ శాతాల విభాజనం ధన వైషమ్యంతో ఉంది. మధ్యగతం 16, చతుర్థకాల తేడా 3, విపరీత విలువ 23." సంఖ్యల పక్కన అవి దేని కొలతలో రాయడం మరవొద్దు.

సాధన

ప్రశ్న: ఎండకు ప్రతి కుప్ప తేమ రీడింగు 1 చొప్పున తగ్గితే ఏ కొలతలు మారతాయి?

జవాబు: సగటు 16, మధ్యగతం 15, బాహుళకం 15 అవుతాయి. వ్యాప్తి, విస్తృతి, ప్రామాణిక విచలనం మారవు. 17 దాటిన కుప్పలు మూడు నుంచి రెండుకు తగ్గుతాయి.